ఏడో నంబరు పర్చీ

పదకొండేళ్లుగా ఒక మనిషిని దొంగను చేసి, నేను పెద్దమనిషిగా బతుకుతున్నాను. ఆమె దొంగ కాదని నాకు ఆ రోజే తెలుసు. ఆ రోజు మా సంఘం హాల్లో నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు, అదే నా బలం అయింది. ఈ సంగతి నా భార్యకు చెప్పలేదు. దేవుడి ముందు కూర్చుని కూడా చెప్పలేదు. అక్కడ వేరే కోరికలు కోరుకుని లేచి వచ్చేశాను. మీకు చెబుతున్నానంటే మీమీద గౌరవంతో కాదు, మీరు నన్ను ఎరగరు కాబట్టి. ఎరిగినవాళ్లకు చెప్పే ధైర్యం నాకుందా? ఉంటే ఇన్నేళ్లు ఎందుకు పడుతుంది?

నేను జంషెడ్‌పూర్‌లో పుట్టిన తెలుగువాణ్ణి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ ఉక్కు పనిలో చేరాడు. మా నాన్నదీ అదే పని. నేను నాలుగు ముక్కలు చదువుకున్నాను కాబట్టి ప్లాంటులో స్టోర్సు గుమాస్తానయ్యాను. ముప్పై నాలుగేళ్లు ఒక్కటే ఉద్యోగం: ఎవరికి ఏ సామాను కావాలన్నా నేను పర్చీ రాయాలి. చీటీని ఇక్కడ అందరూ పర్చీ అంటారు. అది లేనిదే నట్టు కదలదు. గేటు దాటాలంటే మళ్లీ గేట్‌పాసు. డ్యూటీ దిగి వెళ్లేవాడు టిఫిన్ డబ్బా మూత తీసి చూపించి వెళ్లాలి. మూడు తరాలుగా ఇలా బతికిన మాకు కాగితం ఉంటే మాల్, అంటే సరుకు, కాగితం లేకపోతే చోరీ. మధ్యలో ఇంకొకటి ఉంటుందంటే మా బుర్రలకు ఎక్కదు. దీన్నే మేము నిజాయితీ అని పిల్లలకు చెబుతాం. నిజానికి అది గేటు దగ్గర వాచ్‌మన్ చూపు భయం, దాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాం.

అలాంటి నా చేతికి లినక్సు దొరికింది.

తెలియనివాళ్ల కోసం రెండు మాటల్లో చెబుతాను. కంప్యూటరు నడవాలంటే లోపల ఒక సిస్టం ఉండాలి. అందరూ వాడేది డబ్బు పెట్టి కొనాల్సింది. మా బర్మామైన్సు గల్లీల్లో దాన్ని కొన్న మహానుభావుణ్ణి నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు, అందరివీ దొంగ కాపీలే. లినక్సు అలా కాదు. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసి, అందరికీ వదిలేసింది. దాన్ని ఎవరికి నచ్చినట్టు వాళ్లు కూర్చి, ఒక పేరు పెట్టి బయటికి ఇస్తారు. ఆ కూర్పును డిస్ట్రో అంటారు. అలాంటివి వందలున్నాయి. మనకు కావలసింది ఎంచుకుని దించుకోవడమే.

ఆ ఎంచుకోవడం ఒక జబ్బు. నాకది గట్టిగానే పట్టింది. వారానికో డిస్ట్రో ఎక్కించేవాణ్ణి, పీకేసేవాణ్ణి. ఇంటర్నెట్టులో నాలాంటి పనిలేని వాళ్లు బోలెడంతమంది, నాది గొప్ప నీది చెత్త అని రోజంతా తిట్టుకునేవాళ్లు. నేనూ తిట్టాను. ముఖం ఎరగని వాళ్లతో, ఇల్లు తుడిచే చీపురంత పనికి కూడా రాని విషయం మీద, ఎంత శ్రద్ధగా తిట్టానో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. చివరికి పాత కంప్యూటర్లలో కూడా నడిచేది, తెలుగు అక్షరాలు విరగకుండా చూపించేది ఒకటి పట్టుకున్నాను. ఆ ఒక్క పనికి నన్ను మెచ్చుకోవచ్చు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

దాంతోపాటు లైసెన్సు అని ఒక పత్రం వస్తుంది. ఇంగ్లీషులో, పేజీలకు పేజీలు. ఎవరూ చదవరు. నేను చదివాను. నిఘంటువు పక్కన పెట్టుకుని, పెన్సిలుతో గీతలు గీసుకుంటూ చదివాను, అందుకే ‘తెలియక చేశాను’ అని తప్పించుకునే దారి నాకు లేదు. అందులో ఉన్నది ఇదీ. వాడుకో. ఎలా తయారైందో విప్పి చూసుకో. నీకు తగ్గట్టు మార్చుకో. ఎంతమందికైనా నకలు తీసి ఇయ్యి. ఊరికే ఇచ్చినా సరే, డబ్బు తీసుకుని ఇచ్చినా సరే, అది నీ ఇష్టం. ఒక్కటి మాత్రం చెయ్యకు: నీకు వచ్చిన ఈ హక్కులు నీ దగ్గర తీసుకున్నవాడికి అందకుండా అడ్డం పడకు.

చదవడం పూర్తిచేశాను. సంతోషపడ్డానని రాయాలని ఉంది. కొంచెం పడ్డాను కూడా. కానీ దానికంటే ముందు నా లోపలి గుమాస్తాకు వచ్చిన ఆలోచన వేరు: మరి పర్చీ ఎవరు రాస్తారు?

మా తెలుగు సంఘంలో, డ్యూటీ స్నేహితుల్లో డిస్కులు పంచడం మొదలుపెట్టాను. ఒక్క రూపాయి తీసుకోలేదు. ఎవరూ తీసుకోలేదు కూడా. ‘ఫ్రీ’ అనగానే మనవాళ్ల ముఖంలో ముందు ఆశ, వెంటనే అనుమానం. సంఘం భోజనాల్లో ఊరికే వచ్చే లడ్డూ అయితే రుమాలులో కట్టుకుని పోతారు. డిస్కు ఊరికే ఇస్తే మాత్రం అటు తిప్పి ఇటు తిప్పి స్టాంపు ఎక్కడుందని వెతికారు. రసీదు లేదు కాబట్టి ఇది ఎక్కడో కొట్టుకొచ్చిన మాల్ అని తేల్చారు. తమ ఇళ్లలో ఉన్నది దొంగ కాపీ అయినా పరవాలేదు, దానికి బజారులో డబ్బిచ్చారు కదా.

వాళ్లను చూసి నవ్వుతున్నాను గానీ నేను చేసిందేమిటి? జుగ్సలాయిలో ఒక ప్రెస్సుకు వెళ్లి పర్చీ పుస్తకం అచ్చు వేయించాను. నంబరు, పేరు, తేదీ, కింద నా సంతకం. ఏదో వెలితిగా అనిపించింది. నిషేధం ఒకటి లేకపోతే పర్చీ పర్చీలా ఉండదు. అందుకని ఒక వాక్యం చేర్చాను: ‘ఈ డిస్కు ఒక్క కంప్యూటరుకు మాత్రమే. నకలు తీయరాదు.’

అంతే. అందరూ నమ్మారు. ఆ అబద్ధం చూశాకే దాన్ని నిజమైన సరుకనుకున్నారు. మా ఇంటికి వచ్చి, చెప్పులు బయట విడిచి, రెండు చేతులతో డిస్కు తీసుకుని వెళ్లేవాళ్లు. ఇంకొకరికి కావాలంటే మళ్లీ నా దగ్గరికే రావాలి. డబ్బెందుకు తీసుకోలేదో ఇప్పుడు ఒప్పుకుంటాను. డబ్బిస్తే వాళ్ల పనీ నా పనీ అక్కడితో తీరిపోయేది. ఊరికే తీసుకున్నవాడు దారిలో కనిపించినప్పుడల్లా నమస్కారం పెడతాడు. ఆ నమస్కారాలు నాకు బాగా రుచించాయి. ఎవడో ఒకడు ఇదే డిస్కును వందకు అమ్మి, ‘నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో’ అని ఉంటే, వాడు ఇచ్చిందే ఫ్రీ, స్వేచ్ఛ అనే అర్థంలో. నేను ఊరికే ఇచ్చి, అందులోని అసలు సరుకు నా దగ్గర దాచుకున్నాను.

ఏడో నంబరు పర్చీ నూకరత్నానిది. ఇది అసలు పేరు కాదు, మార్చాను.

అప్పటికి ఆమెకు నలభై దగ్గర పడుతున్నాయి. మా గల్లీకి రెండు గల్లీల అవతల చిన్న దుకాణం: ఫారాలు నింపడం, ఫొటోలు తీసి ప్రింటు ఇవ్వడం, జెరాక్సు. భర్త సింహాచలం ప్లాంటులో కాంట్రాక్టు పనివాడు. ఎనిమిదో తరగతి వరకు ఇక్కడి తెలుగు బడిలో చదివింది, హిందీ బజారులో నేర్చుకుంది, ఇంగ్లీషు రాదు. ఆమె కంప్యూటరులోని దొంగ కాపీ నెలకోసారి మూలుగుతూ పడుకునేది. దుకాణం ఎదురుగా జనం నిలబడి ఉండగా ఆ పెట్టె ఆగిపోతే ఆమె పడే అవస్థ చూసి నేనే డిస్కు ఇచ్చాను. ఇస్తూ పర్చీ మీది వాక్యం చదివి వినిపించాను. ఆమె తల ఊపింది.

ఏడాది తిరిగేసరికి ఆమె ఆ సిస్టంలో నాకంటే బాగా తిరగడం నేర్చుకుంది. తెర మీది బొమ్మల కింద ఇంగ్లీషు పేర్లు తీసేసి తన మాటలు పెట్టుకుంది. ‘ఫొటో సిన్నది సేసేది’ అని ఒకటి. ‘అర్జీ రాసేది’ అని ఇంకొకటి. రేషను కార్డుకి, స్కూలు సర్టిఫికెట్టుకి, పింఛనుకి వేసే అర్జీలు ముందే నమూనాలుగా తయారుచేసి ఒక సంచీలా సర్దింది. తెలుగు టైపు చేయడానికి ఏ మీట నొక్కితే ఏ అక్షరమో ఒక పట్టిక గీసి తెర మీదే అతికించింది. నేను మూడేళ్లలో చేసిందేమిటి? తెర వెనక కనిపించే బొమ్మ మార్చాను. కొండ ఉంటే తీసి సముద్రం పెట్టాను.

తర్వాత ఆమె ఏం చేసిందంటే, తను సర్దుకున్న ఆ కూర్పు మొత్తాన్ని నకలు తీసి నలుగురు ఆడవాళ్ల కంప్యూటర్లలో ఎక్కించింది. ఒకామె బట్టలు కుట్టేది, ఒకామె ట్యూషన్లు చెప్పేది, మిగతా ఇద్దరూ తనలాగే ఫారాలు నింపేవాళ్లు. అందరూ సెకండుహ్యాండు పెట్టెలు కొనుక్కున్నవాళ్లే. మధ్యాహ్నాలు కూర్చోబెట్టి పని నేర్పింది. దాచలేదు. ఒకరోజు కూరగాయల బండి దగ్గర కనిపించి తనే నాతో చెప్పింది, నేను మెచ్చుకుంటాననుకుని. పర్చీ లేకుండా ఇవ్వకూడదు కదా అని, నోటు పుస్తకంలో కాగితాలు చింపి తనే పర్చీలు కూడా రాసిచ్చిందట. నంబరు ఏడు బై ఒకటి, ఏడు బై రెండు, ఏడు బై మూడు, ఏడు బై నాలుగు. స్టోర్సులో ఒక సెక్షనుకి ఇచ్చిన సరుకు మళ్లీ చిన్న సెక్షన్లకు పంచేటప్పుడు మేము రాసే పద్ధతి అదే. సింహాచలం చెప్పి ఉంటాడు.

నకలు తీసినందుకు నాకు కోపం రాలేదు. ఆ పర్చీలు రాసినందుకు వచ్చింది. నా కుర్చీలో ఎవరో కూర్చున్నట్టు అనిపించింది. వాడుకుంది, విప్పి చూసుకుంది, మార్చుకుంది, నలుగురికి పంచింది. ఆ లైసెన్సులో ఉన్నదాన్ని ఒక్క ముక్క చదవకుండా ఈ మనిషి పూర్తిగా చేసి చూపించింది, గీతలు గీసుకుని చదివిన నేను సంతకాలు పెట్టుకుంటూ కూర్చున్నాను. ఆ తేడా నాకు కనిపించింది. కనిపించినందుకే ఆమె మీద కసి పుట్టింది. ఇంతకన్నా నీచమైన కారణం ఇంకేదైనా ఉందేమోనని చాలాసార్లు వెతికాను. లేదు, ఇదొక్కటే.

అదే నెలలో మా సంఘానికి ఎవరో అయిదు పాత కంప్యూటర్లు ఇచ్చారు. హాలు పక్క గదిలో పెట్టి తెలుగు ఆడవాళ్లకు, ఉద్యోగాల ఫారాలు వేసుకునేవాళ్లకు పని నేర్పిద్దామనుకున్నారు. చూసుకునే మనిషికి నెలకింత అని జీతం కూడా అనుకున్నారు. అందరూ నూకరత్నం పేరే చెప్పారు. ఆదివారం ఉదయం మీటింగు. ముప్పై మంది దాకా ఉన్నారు. సింహాచలం కూడా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను లేచి, ఆమె నకళ్లు తీసి పంచుతోందని, రేపు సంఘం పేరు పోతుందని చెప్పాను. ఒక మాట ఎక్కువ కూడా వాడాను. చోరీ అన్నాను.

నూకరత్నం లేచి నిలబడింది. ఆమె చేతిలో నేనిచ్చిన డిస్కు ఉంది.

“నలుగురికిచ్చేను అన్నయ్యా. దాసలేదు, మీకు సెప్పేను కదా. పర్చీలు కూడా రాసేను” అంది.

“పర్చీ రాసే హక్కు నీకెవులిచ్చేరు?” అన్నాను.

“ఎవులూ ఇవ్వలేదు. నాకు తెల్దు. తప్పే అయితే తప్పే. మరి ఇది ఎవులి సొమ్ము అన్నయ్యా? నాను ఎవులిది దొంగిలించేను?”

“కంపెనీది.”

“ఏ కంపెనీ?”

“బయట దేశం కంపెనీ. సెప్పినా నీకు తెల్దు.”

ఆమె డిస్కు పైకి ఎత్తి చూపించింది. “దీన్ల ఇంగ్లీషుల ఏటో బోల్డు రాసుంది. నాకు రాదు. మీరు సదివేరు కదా. అందుల ఏటుంది? నకలు తియ్యకూడదనే ఉందా?”

చూశారా, ఎంత దగ్గరికి వచ్చిందో? ఆ ముప్పై మందిలో సరైన ప్రశ్న అడిగింది ఆమె ఒక్కతే. జవాబు ఆమె చేతిలోనే ఉంది. దాన్ని చదివి చెప్పగలిగింది నేనొక్కణ్ణి. ఆమె నన్ను నమ్మి అడిగింది, అందరి ముందూ. అప్పుడు నేను ‘లేదమ్మా, అందులో ఇంకోలా ఉంది’ అని ఉంటే ఏం పోయేది? కొంచెం చిన్నబోయేవాణ్ణి. ఒక వారం ఎవరో ఒకరు నవ్వేవారు. అంతకు మించి ఏమీ పోయేది కాదు.

“అదే ఉంది” అన్నాను.

“చోరీ తో చోరీ హై” అన్నాడు సంఘం సెక్రటరీ, దొంగతనం ఎలా చేసినా దొంగతనమే అని. తల ఊపాడు. అందరూ ఊపారు. ఆ హాల్లో కూర్చున్న ఒక్కడి ఇంట్లోనైనా కొన్న సిస్టం ఉందా? సెక్రటరీ కొడుకు కంప్యూటరులోకి దొంగ కాపీ ఎక్కించింది ఎక్కడో నాకు తెలుసు, ఎంతకో కూడా తెలుసు. ఆ తలకాయలన్నీ కలిసి, చట్టం చెప్పినట్టు అక్షరం తప్పకుండా నడుచుకున్న ఒక్క మనిషిని దొంగ అని తీర్మానించాయి. వాళ్లను అసహ్యించుకోవడం నాకు సులువు, పదకొండేళ్లుగా అదే పని మీద ఉన్నాను. కానీ వాళ్లకు తెలియదు. నాకు తెలుసు.

సింహాచలం బయటికి వెళ్లిపోయాడు. కాంట్రాక్టు మనిషి. ఇంటి మీద చోరీ అనే మాట పడితే అది ఎవరి నోటినుంచి ఎవరి చెవికి పోతుందో, ఏ పొద్దున గేటు దగ్గర పాసు చెల్లదంటారో అని బతుకుతాడు. రోజూ డబ్బా మూత తీసి చూపించి ఇరవై ఏళ్లు మచ్చ లేకుండా గేటు దాటినవాడి భార్యను, వాడి ముందే నేను దొంగను చేశాను.

తీర్మానం ఏమిటంటే నలుగురి దగ్గరా అది తీసెయ్యాలి, తీశారని నేను చూసి సంఘానికి చెప్పాలి. మర్నాడు ఆమె ముందు నడిచింది, నేను పర్చీ పుస్తకం చంకలో పెట్టుకుని వెనక నడిచాను. నాలుగిళ్లు. ఆమే కూర్చుని తన చేత్తోనే తుడిచేసింది. ‘ఫొటో సిన్నది సేసేది’ పోయింది, అర్జీల సంచీ పోయింది, తెర మీది అక్షరాల పట్టిక పోయింది. నేను ప్రతి ఇంట్లో ‘వాపసు’ అని రాసి సంతకం పెట్టాను. బట్టలు కుట్టే ఆమె నాకు టీ ఇచ్చింది, తాగాను. ఆ తర్వాత వారంలో నలుగురూ బజారులో డబ్బిచ్చి దొంగ కాపీలు ఎక్కించుకున్నారు. రసీదు కూడా తెచ్చుకున్నారు. వాళ్లమీద ఎవరూ మీటింగు పెట్టలేదు.

మరో రెండు రోజులకు నూకరత్నం మా ఇంటికి వచ్చింది. లోపలికి రాలేదు. గుమ్మం దగ్గరే నిలబడి ఒక కాగితం ఇచ్చింది. కంపెనీవాళ్లకు ఉత్తరమట. తెలుగులో రాసింది. ఇంగ్లీషులోకి మార్చి, అడ్రసు రాసి పంపమంది. పంపుతానన్నాను. ఆ ఉత్తరం ఇప్పుడు నా ముందే ఉంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

‘అయ్యా, నేను తెలియక మీ సొమ్మును నలుగురికి పంచినాను. డబ్బు తీసుకోలేదు. అందరికీ పనికి వస్తుందని అనుకున్నాను. అందరి దగ్గరా తీసేసినాను, మా సంఘం పెద్దాయన చూసినారు. మాది దొంగల ఇల్లు కాదు. మీరు క్షమించినాం అని ఒక మాట రాస్తే మా ఇంట్లో చూపించుకుంటాను. మీరు సరే అంటే మళ్లీ పెట్టుకుంటాను. లేకపోతే ముట్టుకోను.’

ఎవరికి పంపాలి? ఆ కంపెనీని పుట్టించింది నేను. చించెయ్యడానికి చేతులు రాలేదు, నిజం చెప్పడానికి నోరు రాలేదు. బీరువాలో బట్టల కింద పెట్టాను. అలా ఉంచుకోవడమే ఏదో పశ్చాత్తాపం అన్నట్టు కొన్నేళ్లు నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. మనిషి తనకు తాను ఎంత చౌకగా అమ్ముడుపోతాడో చూడండి.

ఆమె మాట మీద నిలబడింది. నా ఏడో నంబరు డిస్కు కూడా తెచ్చి వాపసు ఇచ్చేసింది. కంప్యూటరు అమ్మేసింది. ఆ దుకాణంలో ఇప్పుడు దారపు ఉండలు, బొత్తాలు, లేసులు అమ్ముతుంది. సంఘం గది తాళాలు నాకొచ్చాయి. అయిదు కంప్యూటర్లలో మూడు దుమ్ము పట్టి పోయాయి. నేర్పడం నాకు రాదు, పర్చీ రాయడమే వచ్చు. ఒకటి రెండుసార్లు ఆమె దుకాణం ముందునుంచి వెళ్తూ ఆగుదామనుకున్నాను. చొక్కాకి బొత్తాం ఊడింది, ఆ వంకన మాట కలపొచ్చు కదా అనుకున్నాను. ఆగలేదు. బొత్తాం వేరే దుకాణంలో కొన్నాను.

ఇంతా చేసి, మొన్న ఉగాదికి సంఘం నాకు సన్మానం చేసింది. శాలువా కప్పారు. ‘ఒక్క రూపాయి ఆశించకుండా మన తెలుగువాళ్లకు ఉచితంగా సాంకేతిక విజ్ఞానం పంచిన త్యాగమూర్తి’ అని సెక్రటరీ చదివాడు. ఆ కాగితం ఎవరో ముందు తరంవాళ్ల సన్మానానికి రాసిందే, మధ్యలో మాటలు మార్చారు. ఉచితం అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. వాళ్లకు తెలిసిన ఉచితం అదే: జేబులోంచి ఏమీ పోకపోవడం. నేను చేతులు జోడించి, తల కొంచెం వంచి నిలబడ్డాను. వంచడం ఎంతవరకో కూడా అద్దం ముందు చూసుకుని వెళ్లాను.

భోజనాల వరసలో నూకరత్నం నా దగ్గరికి వచ్చింది. జుట్టు నెరిసింది. పదకొండేళ్లలో నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

“అన్నయ్యా, ఆ కంపెనీవోలు ఏటైనా రాసేరా?” అంది.

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఈ మనిషి పదకొండేళ్లుగా జవాబు కోసం చూస్తోంది. అడగడానికి మొహమాటపడుతూ చూస్తోంది. భుజం మీద శాలువాతో, విస్తరి చేత్తో పట్టుకుని నేను ఏమన్నానో చెప్పనా?

“రాసేరమ్మా. ఎప్పుడో వచ్చింది. సెప్పడం మర్సిపోయేను. మాఫ్ సేసేమన్నారు.”

ఆమె కళ్లు మూసుకుంది. కోపం రాలేదు ఆమెకు. మర్చిపోయారా అని ఒక్క మాట అనలేదు. “ఆ కాగితం ఉందేటి? ఒకసారి ఇయ్యండి. మా ఆయనకి సూపించాల. ఆయన ఇప్పటికీ సంఘం గడప తొక్కడు” అంది. ఇస్తానన్నాను. వచ్చే ఆదివారం దుకాణానికి తెస్తానన్నాను.

దొంగతనం చేయని మనిషికి, లేని కంపెనీ తరఫున, అబద్ధమాడిన నేను క్షమాభిక్ష పెట్టి వచ్చాను.

ఇంటికి వచ్చి ఆ కాగితం తయారుచెయ్యడానికి కూర్చున్నాను. మీరు అసహ్యించుకున్నా సరే, కూర్చున్నాను. మంచి కాగితం తీశాను. పైన వేయడానికి ఒక ముద్ర కూడా గీశాను. డియర్ మేడమ్ అని మొదలుపెట్టాను. ‘మీరు చేసిన ఈ కింది తప్పులను క్షమించడమైనది’ అని రాసి, తప్పులేమిటో రాయబోయాను. నకలు తీసింది. తీయొచ్చు. తనకు తగ్గట్టు మార్చింది. మార్చొచ్చు. నలుగురికి ఇచ్చింది. ఇవ్వొచ్చు. తీసుకున్నవాళ్లకు అడ్డం పడలేదు, పైగా దగ్గర కూర్చుని నేర్పింది. ఎంతసేపు కూర్చున్నా ఆ కింద రాయడానికి నాకు ఒక్క తప్పు దొరకలేదు. అడ్డం పడకూడదన్న ఆ ఒక్క నియమాన్ని దాటినవాడి పేరే రాయాలంటే, అది నాది.

ఆ కాగితం చించేసి ఇది మొదలుపెట్టాను.

ఇప్పుడు చెబితే ఆమెకు కలిగిన ఆ కాస్త ఊరట కూడా పోతుందేమో, ఎందుకు గెలకడం అని నిన్నంతా నాకు నేను చెప్పుకున్నాను. ఎంత దయగల మాట. నా అబద్ధాలన్నీ ఇలాంటి దయతోనే మొదలవుతాయి. ఆమెకు కావలసింది ఊరట కాదు. తన ఇంటి మీద పడ్డ ఆ మాట పోవాలి. అది క్షమిస్తే పోదు, అబద్ధమని చెబితేనే పోతుంది.

మీకు చెప్పేటప్పుడు పేర్లు మార్చాను. ఆమెకు ఇవ్వబోయే ప్రతిలో మార్చను. ఆమె పేరూ, సింహాచలం పేరూ, నా పేరూ అసలువే ఉంటాయి. తెలుగులోనే రాశాను, ఇద్దరూ చదవగలరు. ఎవరి చేతా చదివించుకోనక్కర్లేదు. క్షమించమని అందులో అడగలేదు. అడిగితే ఆమె క్షమించేస్తుందని భయం, అలాంటి మనిషి ఆమె. సంఘంలో కూడా చదవమంటే చదువుతానని చివర రాశాను. ఆదివారం నా కాళ్లు ఆ దుకాణం దాకా నడుస్తాయా? తెలియదు. ఇంతవరకు ఎప్పుడూ నడవలేదు.

ఒక్క వాక్యం మాత్రం ఎవరూ అడగకుండానే రాస్తున్నాను. ఆమె ఎవరి సొమ్మూ దొంగిలించలేదు. అది ఆమెది కూడా, ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే కాదన్నాను. ఇది రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. ఆడుతున్నందుకు సిగ్గుగానే ఉంది, కానీ ఆడుతోంది.